చత్తయ్య బిడ్డ

పోయినవారం మనం అరుణను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండగా వదిలి వచ్చాం. ఆ పిల్ల అలా ఎందుకు పడుకుందో ఈ వారమే కథలోకి వచ్చినవాళ్లకు కొంచెం చెప్పాలి.

అరుణ ఇంద్రేశం ఊళ్లో ఉండే సత్తయ్య కూతురు. ఇంటర్ అయ్యాక కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో కొన్నాళ్లు పనిచేసి, టీచరు కావాలని డీఎడ్‌లో చేరింది. కాలేజీ పాత భవనం ఖాళీ చేశారు, కొత్తదానికి ఇంకా పైకప్పు పడలేదు. అందుకని ఈ టర్ము క్లాసులన్నీ ఫోనులోనే. టీచరు కాబోయేవాళ్లు బడికి వెళ్లేముందు, తోటివాళ్లనే పిల్లలనుకుని ఐదారు నిమిషాల చిన్నపాఠం చెప్పి చూపించాలి. అరుణ వంతుకు 'చ' అక్షరం వచ్చింది.

వాళ్లింట్లో చదువు సదువే, చాప సాపే. పాఠం చెప్పేటప్పుడు ఆ స నోట రాకూడదని అరుణ అద్దం ముందు నిలబడి రోజుల తరబడి సాధన చేసింది. తీరా పాఠంలో భయంతో నోరు అదుపు తప్పింది. రావలసినచోటా రాకూడనిచోటా చ వచ్చి కూర్చుంది. సబ్బు చబ్బు అయింది. సంగారెడ్డి చంగారెడ్డి అయింది. దుర్గాదేవి మేడం జాలిపడి, "పోనీ సతో మొదలయ్యే పేరు ఒకటి చెప్పమ్మా" అంటే, "మా నాయిన పేరు చత్తయ్య" అంది.

పాఠం వీడియోలో ఆ ముక్క ఒక్కటీ ఎవరో కత్తిరించి క్లాసు గ్రూపులో పెట్టారు. నవ్వే బొమ్మలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆ సాయంత్రం నుంచి అరుణ క్లాసు తెరవలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆమె అదే పాఠాన్ని సరిదిద్దుకుని మళ్లీ చెప్పాలి. దాన్ని రీటీచ్ అంటారు. ఆ పద్ధతి పెట్టినవాళ్లెవరో మంచివాళ్లయి ఉండాలి. తప్పు చేయడమూ, తర్వాత మళ్లీ చెప్పడమూ రెండూ పాఠంలో భాగమేనని ముందే ఒప్పుకున్నారు. కానీ రీటీచ్ ఎగ్గొట్టినవాళ్లను ఈ ఏడాది బడికి పంపరు. బడికి పోకపోతే చదువు అక్కడితో ఆగినట్టే. ప్యాకింగ్ సెక్షన్ మాత్రం ఎప్పుడు వచ్చినా తీసుకుంటుంది.

ఒంటిగంట కావస్తుండగా వాకిట్లో స్కూటీ ఆగింది.

వచ్చింది తేజస్విని. డీఎడ్‌లో అరుణకు జోడీ. ఒకరి పాఠం ఒకరు చూసి, బాగున్నది బాగులేనిది చెప్పుకోవడానికి మేడం అందరినీ ఇద్దరిద్దరుగా కలిపారు. తేజస్విని తాతగారు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, టౌన్‌షిప్ క్వార్టర్లలో స్థిరపడ్డారు. ఆ పిల్ల మాట్లాడితే పుస్తకం చదివినట్టు ఉంటుందని అరుణకు లోపల ఒక మూల అసూయ కూడా ఉండేది.

సత్తయ్య సెకండ్ షిఫ్టుకు బయల్దేరబోతున్నాడు. గడపలో హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ పిల్లను చూశాడు.

"రా బిడ్డా, లోపట కూసో. ఎండల పడి వచ్చినవ్." చెంబుతో నీళ్లిచ్చాడు. "జెర నువ్వన్న సెప్పు దానికి. నాతోటి మాట్లాడ్త లేదు."

అన్నం డబ్బా కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. భార్య కౌసల్యమ్మ పోయినప్పటి నుంచి ఆయన డబ్బా ఆయనే కట్టుకుంటాడు. కూతురు కడతానన్నా ఇవ్వడు. క్లాసు పోతుందంటాడు.

తేజస్విని గదిలోకి వచ్చి నిలబడింది. కిటికీ పక్కన బోర్లించిన నీలం డ్రమ్ము, దాని మీద చెక్క, చెక్క మీద మడత పెట్టి పరిచిన పాత నేతచీర. అదే అరుణ క్లాసు బల్ల. గోడకు ఆనుకునే ఇందిరమ్మ పిండిగిర్ని. దాని మోతకు చెక్క మీద పెన్ను సన్నగా వణుకుతోంది.

"మేడం నాకు ఫోన్ చేశారు. నువ్వు ఎత్తడం లేదంట."

"ఏం సెప్పినవ్?"

"జ్వరం అన్నాను."

"జరమే అనుకో."

తేజస్విని హెల్మెట్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "అరుణా, ఆ వీడియో... నీ పాఠం రికార్డు చేయడం నా పనే కదా. తర్వాత నువ్వు చూసుకుని దిద్దుకోవాలని. అది పొరపాటున మన గ్రూపులోకి..."

అరుణ అప్పుడు ఇటు తిరిగింది. కళ్లు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"పొరపాటున పోతే పాఠం మొత్తం పోవాలె. గా ఒక్క ముక్కనే పోయింది. పొరపాటుకు కత్తెర గూడ ఉంటదా, తేజూ?"

గిర్ని మోగుతూనే ఉంది. తేజస్విని మొహం మెల్లగా ఎర్రబడింది. స్కూటీ మీద వస్తూ దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలు ఇంకా ఏవో ఉన్నట్టున్నాయి. వాటిని వదిలేసింది.

"కోసింది నేనే," అంది. "ముందు మా అయిదుగురి గ్రూపులో పెట్టాను. అక్కణ్నుంచి పెద్ద గ్రూపులోకి ఎవరు వేశారో తెలీదు. కానీ కోసింది నేను. మొదటి నవ్వే బొమ్మ పెట్టింది కూడా నేనే."

"నవ్వొచ్చిందా?"

"వచ్చింది."

"బాగ నవ్వినవా?"

తేజస్విని తల దించుకుంది. "కడుపు పట్టుకుని నవ్వాను. తర్వాత మళ్లీ చూశాను. చత్తయ్య అన్న వెంటనే నీకు తెలిసిపోయింది అరుణా. నీ గొంతులో తెలుస్తోంది. అప్పుడు నవ్వు రాలేదు. కానీ అప్పటికే అది నా చేతిలో లేదు."

అరుణ మంచం మీద లేచి కూర్చుంది. తిడుతుందని తేజస్విని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"నువ్వు నవ్వినందుకు కాదు. నేను గూడ మందిని సూసి నవ్విన. పోయిన టర్ముల రుద్రారం నుంచి వచ్చే పిల్ల బ్లాక్‌బోర్డును బాక్‌బోర్డు అంటే నీ పక్కన కూసొని నవ్వలేదా?" గొంతు తగ్గించింది. పెరటివైపు చూసింది. "మా నాయిన లెక్క మాట్లాడొద్దని సాధన చేసిన. గదీ నాకు సిగ్గు. ఆయన మాట నా నోట్ల లేకుంట చెయ్యాలనుకున్న. చేస్తే ఏమైంది? ఆయన పేరే పోయింది. రోజు ఇంటికొచ్చి, 'ఇయ్యాల ఏం సదువు సెప్పినవ్ బిడ్డా' అంటడు. ఏం సెప్పాలె? ఆయనకైతే తెల్వద్దు. గంతే. ఆయనకు తెల్వకుంటే..."

బయట రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ రెండుసార్లు మోగింది. వెంటనే ఒక గొంతు, వీధి చివరి దాకా వినబడేంత గట్టిగా:

"ఓ చత్తన్నా! బస్సొచ్చింది, జల్దీ రావయ్యా!"

ఇద్దరూ బిగుసుకుపోయారు.

పెరట్లోంచి సత్తయ్య, ఏ తొట్రుపాటూ లేకుండా, పుట్టినప్పటి నుంచి తన పేరు అదే అయినట్టు జవాబిచ్చాడు. "ఆఁ, వస్తున్న ఐలన్నా! ఒర్లకు, ఆపమను!"

భుజం మీద తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చినవాడు, ఇద్దరి మొహాలు చూసి ఆగిపోయాడు.

"నాయినా," అంది అరుణ. "ఎప్పటిసంది?"

"ఏందే?"

"గట్ల పిలుసుడు."

సత్తయ్య డబ్బాలో అన్నం సర్దుకోవడం మొదలుపెట్టాడు. "మొన్నటిసంది. బస్సుల ఎవని ఫోన్లకో వచ్చిందంట. ఐలన్న అందరికి సూపిచ్చిండు."

"నువ్వు సూసినవా?"

"సూడకుంట ఎట్ల, నా పక్కసీటే గద. మంచి సీర గట్టుకొని కూసున్నవ్ గద, గదీ కనవడలే. ఫ్యాను మొత్తం కనవడ్డది. నీ మొకమే కనవడలే. గదేందే, నొసలు తప్ప ఏం లేకుండె?"

అరుణ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఏమాయె ఇప్పుడు? సూపర్‌వైజరు ఏ బుడ్ఢా అంటడు. బీహారు పోరగాండ్లు సట్టయ్యా అంటరు, వాళ్లకు నోరు దిరగదు. ఇన్నేండ్లల్ల కంపెనీల అన్నా అని పిలిచినోడు లేడు. నీ పుణ్యాన చత్తన్న అంటుండ్రు. పేరుకు అన్న కలిసింది సూడు."

నవ్వాడు. నవ్వాడు గాని డబ్బా మూత గాడిలో పడలేదు. రెండోసారీ పడలేదు. తేజస్విని అది చూసింది. అరుణ వేళ్ల సందుల్లోంచి చూసింది.

"అంకుల్," అంది తేజస్విని. హెల్మెట్ కింద పెట్టింది. "అంకుల్, ఆ ముక్క కోసి పెట్టింది నేనే."

సత్తయ్య మూత వదిలేసి ఆమె వైపు చూశాడు. బయట హారన్ మళ్లీ మోగింది. ఆయన తొందరపడలేదు.

"మంచిగ సెయ్యలే బిడ్డా," అన్నాడు.

అంతే అన్నాడు. గొంతు పెంచలేదు. కాని పోనీలే అని కూడా అనలేదు. తేజస్విని నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆ మూడు మాటలు తనకు చెందవలసినవేనని, వాటిని తగ్గించకుండా ఇచ్చినందుకు ఆయనకు ఋణపడి ఉన్నానని ఆమెకు అనిపించింది.

ఆయన డబ్బా సంచిలో వేసుకుని గడప దాటాడు. మళ్లీ వెనక్కి తిరిగాడు.

"అరుణా, కంపెనీ గేటు కాడ ఫోన్లు తీసుకుంటరు. గేటు దాంక నా ఫోన్ నా సేతుల్నే ఉంటది." సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. బస్సులోంచి ఎవరో "చత్తన్న వచ్చిండు, జరుగుండ్రి" అన్నారు. బస్సు కదిలింది.

గదిలో గిర్ని మోత ఒక్కటే మిగిలింది.

"లే అరుణా. టైమవుతోంది."

"నేను సెప్ప. నా నోటికి ఇప్పుడు రెండు అక్షరాలు రావు. స అంటే చ వస్తదని భయం. చ అంటే స వస్తదని భయం. నువ్వు పో. జరం తగ్గలేదని సెప్పు."

"ఇంకోసారి అబద్ధం చెప్పను."

"అయితే నిజమే సెప్పు. సిగ్గయి వస్తలేదని సెప్పు."

తేజస్వినికి ఓదార్చే హక్కు తనకు లేదని తెలుసు. బల్ల దగ్గరికి వెళ్లి, చెక్క మీద వణుకుతున్న పెన్ను పట్టుకుని ఆపింది. చెయ్యి తీసింది. పెన్ను వణకలేదు.

గిర్ని ఆగిపోయింది.

"కరెంటు పోయిందా?" అంది అరుణ అలవాటుగా. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కిటికీ అవతల మాటలు స్పష్టంగా వినపడ్డాయి. గిర్ని ముందు గోధుమల సంచి మీద కూర్చున్న ముసలామె అడుగుతోంది: "ఏందమ్మా ఇందిరమ్మా, నా వంతు రాంగనే బందు పెడ్తవ్?"

"పిల్ల క్లాసు టైము. అయినంక పడ్తా, కూసో."

"నిన్న గూడ గిట్లనే పెట్టినవ్. లోపట సప్పుడే లేకపాయె. అది సదువుతుందో పండుకుందో!"

"నాకేం ఎరుక? సత్తన్న ఎన్నడో సెప్పిండు, ఈ టైముల జెర ఆపుమని. మళ్ల నడుపుమని సెప్పలే. నేను ఆపుతున్న."

అరుణ మంచం మీంచి కాళ్లు కిందికి దించింది. కిటికీ ఊచల్లోంచి చూసింది. ముసలామె సంచి మీద, ఆమె వెనక బియ్యం బకెట్‌తో ఒకామె, చంకలో బిడ్డతో ఇంకొకామె. అందరూ కూర్చుని ఉన్నారు. నిన్న కూర్చున్నారు. మొన్న కూర్చున్నారు. తను గోడవైపు తిరిగి పడుకున్న ప్రతి మధ్యాహ్నమూ ఎవరో ఒకరు ఎండలో పిండి కోసం కాచుకుని కూర్చున్నారు. మోత ఆగిందన్న సంగతి కూడా తను గమనించలేదు.

జనం నవ్వినప్పటి సిగ్గు ఒకటి. ఇది అలాంటిది కాదు. ఆ సిగ్గు ఆమెను పడుకోబెట్టింది. ఈ సిగ్గు నిలబెట్టింది.

తొట్టి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంది. తిరిగి వచ్చి ఫోన్ ఛార్జింగులోంచి తీసి, ఎప్పటిలాగే చెక్క మీద పడుకోబెట్టినట్టు పెట్టబోయింది.

"అలా కాదు," అంది తేజస్విని. "జోడీగా నేను ఆ రోజే చెప్పాల్సింది ఇది. అంకుల్ చెప్పారు చూడు, నుదురు, ఫ్యాను తప్ప ఏమీ కనబడలేదని. నువ్వు మొహం దాచుకోవడానికి ఫోన్ అలా వంచుతావు. అక్షరం పుట్టేది నోట్లో. పిల్లలకు నీ నోరే కనబడకపోతే చ ఎలా పలకాలో వాళ్లకెలా తెలుస్తుంది? ఆ రోజు నీ పాఠంలో తప్పు అది. అది ఒక్కరం కూడా చెప్పలేదు. అందరం ఇంకోదానికి నవ్వాం."

అరుణ అలమరలోంచి పప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, దానికి ఫోన్‌ను నిటారుగా ఆనించింది. తెర మీద ఆమె మొహం మొత్తం కనబడింది. వాచిన కళ్లు, పొడిబారిన పెదాలు, కొంచెం వంకరగా ఉండే ముందుపన్ను.

"అద్దం ముంగట ఒకటి సూసిన నేను," అంది నెమ్మదిగా. "స సాగుతది. స్స్స్ అని ఊపిరి ఉన్నంతసేపు. చ సాగదు. తెగిపోతది. నువ్వు అను."

"చ్... చ్చ్..." తేజస్విని సాగదీయబోతే అది విరిగి, శ్ అనే చప్పుడైంది. ఆమెకు నవ్వొచ్చింది. గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వు," అంది అరుణ. "ఇప్పుడు నవ్వొచ్చు."

పలక మీద పెద్దగా రెండు అక్షరాలు రాసుకుంది. స ఒకవైపు. చ ఒకవైపు.

క్లాసు తెరవగానే చిన్నచిన్న గడుల్లో తోటివాళ్ల మొహాలు కనిపించాయి. ఈ పూట వాళ్లంతా ఒకటో తరగతి పిల్లలు. కొందరు అరుణను చూసి చూపు తిప్పుకున్నారు. ఎప్పుడూ పేరు మాత్రమే కనబడే రుద్రారం పిల్ల ఇవాళ కెమెరా తెరిచి కూర్చుంది. ఎందుకో తెలియదుగాని, అరుణకు కాస్త ఊపిరి ఆడింది.

"అరుణా, వినపడుతోందా అమ్మా?" దుర్గాదేవి మేడం గొంతు.

"వినవడుతుంది మేడం."

"మొదలుపెట్టేముందు ఒక్క మాట. ఆ రోజు వీళ్ల నవ్వులతో గోలగా ఉందని పాఠం మధ్యలో నీ మైకు మ్యూట్ చేశాను. మ్యూట్ చెయ్యాల్సింది నిన్ను కాదు. అది నేను అందరి ముందే చేశాను కనుక అందరి ముందే చెబుతున్నాను."

ఫోను కంటికి కనబడనంత దూరంలో గోడవారగా నిలబడ్డ తేజస్విని కొంగు అంచు నలుపుతోంది.

"సరే, నీ టైము మొదలవుతుంది..." మేడం ఆగారు. కళ్లజోడు పైకి జరుపుకుని తెరను దగ్గరగా చూశారు. "ఉండమ్మా. ఎవరో లోపలికి రావడానికి అడుగుతున్నారు. మన లిస్టులో పేరు కాదు." ఇంకాస్త తటపటాయించారు. "చత్తయ్య అని ఉంది."

అరుణ తేజస్విని వైపు చూసింది. తేజస్విని మొహం పాలిపోయింది. ఖాళీ చేతులు రెండూ ఎత్తి చూపించింది, నేను కాదన్నట్టు.

క్లాసు లింకు గ్రూపులో అందరి దగ్గరా ఉంది. అందులో ఇంకా నవ్వు తీరనివాళ్లు ఎవరైనా ఉండవచ్చు. డేటా అయిపోయిన రోజుల్లో అరుణ నాయిన ఫోనులోంచే క్లాసు వినేది. లింకు అందులోనూ ఉంది. కానీ సత్తయ్యకు పేరు టైపు చేయడం రాదు. పక్కసీటు ఐలన్నకు వచ్చు. ఐలన్న సాయం చేస్తాడా, ఆటపట్టిస్తాడా అన్నది ఎవరూ ముందుగా చెప్పలేరు. బస్సు ఇంకా గేటుకు చేరి ఉండదు.

"ఆకతాయిలైతే తీసేస్తాను," అన్నారు మేడం. "నువ్వు చెప్పు. రానివ్వనా, వద్దా?"

గిర్ని ముందు చంటిబిడ్డ ఒకసారి ఏడ్చి ఊరుకుంది. అరుణ పలకను గుండెకు ఆనించుకుంది.

"రానియ్యండి మేడం. ఆ పేరు పెట్టింది నేనే."

తెర మూల ఒక నల్లటి గడి తెరుచుకుంది. మొహం లేదు. మైకు మాత్రం తెరిచే ఉంది. అందులోంచి బస్సు మోత, దాని వెనక ఒక్కసారిగా చాలామంది నవ్వు వినబడింది. వెంటనే ఎవరో "ష్" అన్నారు. నవ్వు ఆగింది. అవతల ఎందరో ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"టైము మొదలైంది," అన్నారు మేడం.

అరుణ పలక ఎత్తింది. చ అక్షరం ఉన్న వైపు తెరకు చూపించింది. నోరు కనబడేలా మొహం ముందుకు జరిపి, ఊపిరి తీసుకుంది.

"పిల్లలూ," అంది, "అందరూ నా నోటిదిక్కు సూడండి."

చ రావలసినచోట వచ్చింది స.

మేడం చేతిలోని పెన్ను కాగితం మీద ఆగింది. గోడవారగా తేజస్విని కళ్లు మూసుకుంది. నల్లటి గడిలోంచి, ఎవరో నవ్వబోయి మింగుకున్న చప్పుడు.

అరుణ పలక దించలేదు.